చొక్కా చాటు బరువు

యాభై తొమ్మిదేళ్ళు వచ్చాక వెర్నన్ టీగ్ వంగడం మళ్ళీ కొత్తగా నేర్చుకుంటున్నాడు.

పెండర్‌గ్రాస్ హార్డ్‌వేర్ కొట్టులో మేకుల తొట్లు అన్నిటికన్నా కింది అరలో ఉంటాయి. పంతొమ్మిదేళ్ళుగా అతను నడుం దగ్గర నిలువునా వంగి, రేకు చేటతో మేకులు తోడి కాటాలో పోసేవాడు. ఇప్పుడు అలా వంగితే చొక్కా వెనక బిగుస్తుంది. బిగుస్తే, కుడి పక్క కాస్త వెనగ్గా, తోలు ఒరలో ఉన్న పిస్టల్ పిడి గుడ్డలోంచి ఉబ్బి కనిపిస్తుంది. ఆ మాట అతని బావమరిది డాయిల్ పిస్టల్ చేతికిచ్చిన రోజే చెప్పాడు. అందుకని మూడు వారాలుగా వెర్నన్ వీపు నిటారుగా పెట్టి, మోకాళ్ళు మడిచి, గొంతుక్కూర్చుని మేకులు తోడుతున్నాడు. లేచేటప్పుడు మోకాళ్ళు టకటకమంటున్నాయి.

"మొదటి వారం ఊరంతా నీ నడుమే చూస్తున్నట్టుంటుంది బావా," అన్నాడు డాయిల్. "రెండో వారానికి తెలుస్తుంది, ఎవడూ దేన్నీ చూడడని."

మూడో వారం వచ్చింది. వెర్నన్‌కి ఊరంతా ఇంకా తన నడుమే చూస్తున్నట్టుంది. పాలు కొనడానికి వెళ్తే బిల్లు కొట్టే పిల్ల చూసింది. చర్చిలో పక్క బల్ల మీది ముసలాయన చూశాడు. పోస్టాఫీసులో ఒక కుక్క కూడా చూసింది. ఒక సైజు పెద్దది కొన్న గళ్ళ చొక్కాని రోజుకి వందసార్లు కిందికి లాక్కుంటున్నాడు. మోచేత్తో ఒర తగిలిందో లేదో చూసుకుంటున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్న సామెత ఇతన్ని చూసే పుట్టి ఉంటుంది.

అనుమతి కాగితం జేబులోనే ఉంది, మిస్సోరీలో అతన్ని తప్పుపట్టే చట్టం లేదు. భయమల్లా కొట్టు కాగితం గురించే. పనిలో చేరిన రోజే అందరూ సంతకం పెట్టారు: పనివేళల్లో ఒంటిమీద ఆయుధం ఉంటే ఆ రోజే ఉద్యోగం పోతుంది. నవంబరులో భార్య నడీన్ మోకాలికి ఆపరేషను. ఆమె ఆరోగ్య బీమా వెర్నన్ ఉద్యోగాన్ని పట్టుకుని వేలాడుతోంది. అయినా నలభై మైళ్ళ అవతల పెట్రోలు బంకులో ఎవరినో కాల్చారని విన్నప్పటినుంచీ, రోజూ కొట్టు తలుపులు మూసే మనిషి ఉత్తచేతులతో ఉండకూడదని డాయిల్ అన్నాడు, నడీన్ అంది, చివరికి తనూ అనుకున్నాడు.

ఆ మంగళవారం పొద్దున అతను గొంతుక్కూర్చుని ఒకటిన్నర అంగుళాల మేకులు తోడుతుంటే వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఏం వెర్నన్, ఈమధ్య మహారాణీగారిలా కూర్చుంటున్నావ్?"

లిండెల్ బ్రాడ్‌నాక్స్. ఆ కొట్టులో మిగతా అందరూ తెల్లవాళ్ళు, అతనొక్కడే నల్లజాతివాడు. రంగుల బల్ల దగ్గర పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఊళ్ళో మిగతా కొట్లలో రంగులు కలపడానికి కంప్యూటర్లున్నాయి, ఈ కొట్టులో లిండెల్ కళ్ళున్నాయి. గోడనుంచి గోరంత పెచ్చు తెచ్చిస్తే వెలుగులో అటూ ఇటూ తిప్పి, "నలుపు ఒక చుక్క, పసుపు రెండున్నర," అని గొణుక్కుంటూ కలిపేస్తాడు. ఆరాక పాత గోడ ఎక్కడో కొత్త గోడ ఎక్కడో పోల్చుకోలేరు. మనుషుల విషయంలోనూ అంతే. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. అందుకే ఈమధ్య వెర్నన్ అతనికి దూరంగా మసులుతున్నాడు.

"నడుంనొప్పి," అన్నాడు వెర్నన్.

"ఓహో. నడుమేనా?" అన్నాడు లిండెల్. అతని భుజాన ఎనిమిదడుగుల నిచ్చెన ఉంది. వెర్నన్‌కి కుడిపక్క బండి పట్టేంత చోటుంది. లిండెల్ అటు వెళ్ళకుండా ఎడమపక్క, చీపుళ్ళ బుట్టకీ వెర్నన్ భుజానికీ మధ్య సందులోంచి ఒదిగి ఒదిగి నడిచాడు.

"అంత చోటుంటే ఇటెందుకయ్యా?"

"అలవాటైపోయింది," అన్నాడు లిండెల్ వెనక్కి చూడకుండా.

ఆ మాటలో ఏదో ఉందని వెర్నన్‌కి అనిపించింది. ఈమధ్య ఏ మాటలో మాత్రం ఏదో ఉందనిపించలేదు గనక!

పదిన్నరకి మిసెస్ ఫౌలర్ వచ్చింది. పళ్ళ డాక్టరుగారి భార్య. వెనక గుమ్మం తాళంచెవికి నకలు కావాలంది. వెర్నన్ మిషనుకి తాళంచెవిని బిగించి, దాని పళ్ళు కోస్తూ, ఓరకంట ఆమెను చూశాడు. ఆమె చేతిసంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. అందులో వంటింటి గోడ పెచ్చు, మీగడ రంగుది.

"మా గోడలకి రంగేసే ఆయన పని మానేశాడు. ఇన్నాళ్ళూ ఆయనే ఇక్కణ్ణించి తెచ్చేవాడు. ఇదే రంగు కావాలి, కొంచెం కూడా తేడా రాకూడదు," అంది పెచ్చుని బల్లమీద పెడుతూ.

"అదుగో, ఆ చివర. రంగుల బల్ల," అని వెర్నన్ వేలు చూపించడానికి ఒళ్ళు తిప్పాడు. తిప్పాక తెలిసింది, ఆమెకి తన కుడిపక్క ఎదురైందని. వెంటనే చొక్కా లాక్కున్నాడు.

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. పెదాలు బిగిసాయి. "చేతిసంచి కార్లో మర్చిపోయాను," అంది, చేతిసంచి చంకలో ఉండగానే. తాళంచెవి తీసుకోకుండా, పెచ్చు తీసుకోకుండా గబగబా బయటికి నడిచింది. గాజు తలుపులోంచి వెర్నన్ చూస్తూనే ఉన్నాడు. ఆమె కార్లో కూర్చుంది, తలుపులు బిగించుకుంది, ఫోను చెవికి పెట్టుకుంది.

అయిపోయింది అనుకున్నాడు. వెనకగదికి వెళ్ళి ఒర తీసి దాచేద్దామా? వెళ్తుంటే ఎవరైనా చూస్తే? కారు దాకా వెళ్ళాలంటే ఆమె ముందునుంచే వెళ్ళాలి. బల్ల వెనకే ఉండిపోయాడు. నడీన్ మోకాలు గుర్తొచ్చింది. పంతొమ్మిదేళ్ళ ఉద్యోగం ఒక చొక్కా గుడ్డ పలచనవడంవల్ల పోతోందని తనమీద తనకే ఏడుపొచ్చింది.

ఏడు నిమిషాల్లో పోలీసులు ఇద్దరు లోపలికొచ్చారు. చేతులు ఒరలమీద ఉన్నాయి. వెర్నన్ బల్ల వెనకనుంచి ఇవతలికొచ్చి రెండు అరచేతులూ కనిపించేట్టు చాపాడు. నోరు తెరిచి, "సార్, నా దగ్గర కాగితం ఉంది," అనబోయాడు.

"పెద్దాయనా, మీరు కాస్త పక్కకి రండి సార్," అన్నాడు ముందున్న కుర్ర పోలీసు. వెర్నన్ వీపుమీద చెయ్యి వేసి మెల్లిగా పక్కకి జరిపాడు. ఆ చెయ్యి పిస్టల్ పిడికి రెండు వేళ్ళ పైన ఆనింది. ఆని, లేచి, ముందుకెళ్ళిపోయింది. ఒరల్లోంచి రెండు తుపాకులు బయటికొచ్చాయి.

"ఏయ్! నువ్వే! చేతులు పైకెత్తు! పైకి!"

రంగుల బల్ల దగ్గర లిండెల్ అప్పుడే ఐదు గ్యాలన్ల డబ్బాని కుదిపే మిషనులోకి ఎత్తి పెట్టి మీట నొక్కాడు. చేతిలో రంగు కలిపే కర్ర ఉంది. దాని కొసనుంచి ఆకుపచ్చ రంగు బొట్లు కారుతున్నాయి. అతను చాలా మెల్లిగా, అది ఎన్నోసార్లు సాధన చేసిన పనిలా, ముందు కర్రని వదిలేశాడు, తర్వాత చేతులెత్తాడు.

"మోకాళ్ళమీద కూర్చో!"

కూర్చున్నాడు.

"నడుం దగ్గరేముంది?"

"ఇన్సులిన్ పంపు సార్. నాకు షుగరు. దానికో గొట్టం ఉంది, కడుపులోకి. నెమ్మదిగా..."

"కదలకు!"

రెండో పోలీసు చొక్కా ఎత్తి, బెల్టుకున్న నల్ల డబ్బాని లాగాడు. దాంతోపాటు గొట్టం వచ్చింది, గొట్టంతోపాటు కడుపుమీది పట్టీ ఊడొచ్చింది. చర్మం మీద చిన్న రక్తపు చుక్క. పోలీసు చేతిలో డబ్బా చిన్నగా కూత పెట్టడం మొదలెట్టింది. దాన్ని ఎలా ఆపాలో అతనికి తెలియలేదు. కుదిపే మిషను వెనక ధనధనా కొట్టుకుంటూనే ఉంది, దాన్నీ ఎవరూ ఆపలేదు.

తనకి తెలియకుండానే పోలీసుల వెనక నడిచొచ్చిన వెర్నన్ మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు.

మోకాళ్ళమీదున్న లిండెల్ తల తిప్పాడు. అతని చూపు ముందు వెర్నన్ నడుంమీద ఆగింది. తర్వాత ముఖం మీదికొచ్చింది. అక్కడ కాసేపుంది. ఒక్క మాట చెప్పడానికి ఎంతసేపు కావాలో అంతసేపుంది. వెర్నన్ దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. లిండెల్ చూపు నేలమీది ఆకుపచ్చ బొట్ల మీదికి దించుకున్నాడు.

నాలుగు నిమిషాల్లో అంతా ముగిసింది. కుర్ర పోలీసు పంపుని బల్లమీద పెట్టి, "ఒకావిడ భయపడి ఫోను చేసింది. మా పని మేం చెయ్యాలి కదా," అన్నాడు. వెళ్తూ వెళ్తూ వెర్నన్‌తో, "కంగారు పెట్టాం, ఏమీ అనుకోకండి సార్," అన్నాడు.

*

సాయంత్రం కాల్చిన మాంసం, బంగాళాదుంపలు పళ్ళెంలో పెడుతూ నడీన్ అంతా విన్నది.

"నువ్వెంత దూరంలో ఉన్నావ్?"

"మూడడుగులు."

"నీది ఎవరూ చూళ్ళేదా?"

"చూళ్ళేదు. నా మీద చెయ్యేసి మరీ పక్కకి జరిపాడు."

"హమ్మయ్య," అంది నడీన్, కుర్చీలో వెనక్కి వాలి. తర్వాత, "పాపం లిండెల్," అంది.

రెండు మాటలూ మనస్ఫూర్తిగానే అంది. మొదట వచ్చిన మాటే వెర్నన్ గొంతులో బంగాళాదుంపతోపాటు అడ్డం పడింది. తన ఒంట్లోనూ అదే మాట ముందు పుట్టిందని అతనికి తెలుసు.

బుధవారం కొట్టుకి వెళ్ళేసరికి రంగుల బల్ల దగ్గర లిండెల్ లేడు. కొట్టు యజమానురాలు గెయిల్ పెండర్‌గ్రాస్ తాతనుంచి తండ్రికి, తండ్రినుంచి తనకి వచ్చిన కొట్టుని నడుపుతోంది. ఆమె గౌన్లు వేసుకునే చిన్నవయసునుంచీ వెర్నన్ గెయిలమ్మా అనే పిలుస్తాడు.

"లిండెల్‌ని కొన్నాళ్ళు వెనక కలప యార్డులో ఉండమన్నాను," అంది ఆమె, చూపు కలపకుండా. "శిక్షేం కాదు. ఊళ్ళో మాట చల్లారేదాకా. పాపం మిసెస్ ఫౌలర్ ఎంత బెదిరిపోయిందో! నేనే ఫోను చేసి సారీ చెప్పాను. ఆ పెచ్చు మీ దగ్గరుందటగా, ఆవిడ రంగు మీరు కలపండి. ఇంటికి పంపిద్దాం."

"నాకు రంగులు కలపడం రాదమ్మా."

"పట్టిక ఉంది కదా, చూసి కలపండి."

వెర్నన్ పట్టిక చూసి కలిపాడు. మీగడ రంగే వచ్చిందనుకున్నాడు. కలుపుతున్నంతసేపూ వెనకతలుపు వైపు చెవి పెట్టే ఉన్నాడు. లిండెల్ చూశాడు, అందులో అనుమానం లేదు. చూసినవాడు చెప్తాడు. ఎప్పుడు చెప్తాడు? తన పేరు బాగుచేసుకోవాలంటే ఒక్క మాట చాలదూ? "నా నడుమ్మీద మందుంది, ఆయన నడుమ్మీద ఏముందో చూడండి," అంటే సరి. గెయిల్ వెనకగదిలో ఫోను మాట్లాడితే తన గురించేననుకున్నాడు. మధ్యాహ్నం ఆమె, "వెర్నన్, ఒకసారి రండి," అని పిలిస్తే చొక్కా కిందికి లాక్కుంటూ వెళ్ళాడు. ఆమె పిలిచింది గొట్టాల ఆర్డరు గురించి.

పిస్టల్ ఇంట్లో వదిలి రావచ్చు. ఆ ఆలోచన రాకపోలేదు. కానీ ఇవాళ తీసేస్తే, తీసేసినట్టు కూడా ఎవరికో తెలిసిపోతుందనిపించింది. అనుమానం పట్టినవాడికి పెట్టుకున్నా భయమే, తీసినా భయమే.

గురువారం మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక రెండు కాగితపు కప్పుల్లో కాఫీ పోసుకుని యార్డుకి వెళ్ళాడు. అక్టోబరు గాలి రంపంలా ఉంది. లిండెల్ టోపీ చెవులమీదికి లాక్కుని, చేతికి తొడుగులు వేసుకుని, బారు చెక్కల్ని ఒక్కొక్కటీ ఎత్తి, కొసనుంచి కన్ను మూసి చూసి, వంకర ఉన్నవి ఒక పక్కా లేనివి ఒక పక్కా పేరుస్తున్నాడు. నడుమ్మీద పంపు ఇప్పుడు చొక్కా పైనే ఉంది, అందరికీ కనిపించేట్టు. దానికి తెల్లటి పట్టీ చుట్టి, దానిమీద ఎర్ర రంగుతో 'మందు' అని రాసుకున్నాడు. ఆ అక్షరాలు మాత్రం అందంగా ఉన్నాయి.

"చక్కెర వెయ్యలేదు," అన్నాడు వెర్నన్ కప్పు అందిస్తూ.

"అక్కడ పెట్టు."

వెర్నన్ చెక్కల గుట్టమీద పెట్టాడు. ఏం అడగాలో పొద్దున్నుంచీ మనసులో పేర్చుకున్నదంతా పోయింది.

"ఎవరితోనైనా ఏమైనా అన్నావా?" అన్నాడు.

లిండెల్ చెక్క దించాడు. నవ్వాడు కానీ అది నవ్వుకాదు. "అందుకా ఈ కాఫీ. నేనింకా ఒళ్ళెలా ఉందని అడగడానికొచ్చావనుకున్నాను."

"అదీ అడుగుదామనే..."

"మూడు వారాలైంది నాకు తెలిసి. మొదటిరోజే తెలిసింది. ఇన్నేళ్ళూ నేలకి ముద్దు పెట్టబోతున్నట్టు వంగినవాడివి, ఉన్నట్టుండి మోకాళ్ళు మడిచావ్. నడుంనొప్పి ఉన్నోడు ముందు చెయ్యి నడుమ్మీద వేసుకుంటాడు వెర్నన్. నువ్వు చొక్కా లాక్కున్నావ్."

"ఇంకెవరికీ తెలీలేదు."

"ఇంకెవరికీ అవసరం లేదు. నాకుంది. ఏ గదిలోకి అడుగుపెట్టినా ఎవరి నడుమ్మీద ఏముందో ముందు చూసుకోవాలని మా అమ్మ నాకు ఏడేళ్ళప్పుడే నేర్పింది. ఎక్కాలకన్నా ముందు." చెక్క ఎత్తి కొసనుంచి చూశాడు. "మూడు వారాలుగా నీ కుడిపక్కనుంచి నేను నడవలేదు, గమనించావా? భుజాన నిచ్చెనుంటుంది, చేతిలో డబ్బాలుంటాయి. తగిలిందనుకో, అది కింద పడిందనుకో, నువ్వు కంగారుపడ్డావనుకో. అక్కడ ఇద్దరం ఉంటాం. వచ్చినోళ్ళు ఎవర్ని పట్టుకుంటారు?"

వెర్నన్‌కి చీపుళ్ళ బుట్ట సందు కళ్ళముందు కనిపించింది.

"మరి మంగళవారం... ఎందుకు చెప్పలేదు? ఒక్కసారి నా వైపు చెయ్యి చూపిస్తే..."

"చెయ్యా?" అన్నాడు లిండెల్. "రెండు తుపాకులు నా మీద ఉన్నాయి. నేను చెయ్యి కదిపితే, ఆ చెయ్యి ఎవర్ని చూపిస్తోందో చూస్తారా వాళ్ళు? ఆ చేతినే చూస్తారు."

గాలికి ఎక్కడో రేకు కొట్టుకుంది. కాఫీ మీద పొగ పోయింది.

"నాకు చెప్పే వీల్లేదు. నీకుంది," అన్నాడు లిండెల్. "సార్ అన్నాడుగా నిన్ను. నువ్వేమన్నా వినేవాడు. నేను నీ మొహం చూసింది అందుకే. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని చూశా."

"నడీన్ ఆపరేషను..."

"తెలుసు. నా కూతురు పెళ్ళికి కేకు చేసిన చెయ్యి ఆవిడది, నాకు తెలీదా? అందుకే నిన్నేమీ అడగట్లేదు. చూశానని చెప్తున్నా, అంతే." చేతి తొడుగు సరిచేసుకున్నాడు. "వెళ్ళు. కస్టమర్లుంటారు."

కాఫీ అక్కడే ఉండిపోయింది. శుక్రవారం వెర్నన్ చెత్త పారెయ్యడానికి వెనక్కి వెళ్ళినప్పుడు ఆ కప్పు అదే చెక్కలమీద ఉంది, నిండుగా, పైన ఎండుటాకు తేలుతూ. శుక్రవారం కూడా అతనేమీ చెప్పలేదు. చెప్పాలని మూడుసార్లు గెయిల్ గది గుమ్మం దాకా వెళ్ళాడు. మూడుసార్లూ ఏదో ఒక పని ఉన్నట్టు వెనక్కి తిరిగాడు.

*

శనివారం పొద్దున మిసెస్ ఫౌలర్ రంగు డబ్బా పట్టుకుని వచ్చింది. బల్లమీద ఠక్కున పెట్టింది.

"ఇది మీగడా? ఆరిపోయాక చూడండి, జబ్బుచేసిన మనిషి మొహంలా ఉంది గోడ. ఆరేళ్ళుగా మీ కొట్టునించే తెప్పించుకుంటున్నాను, ఒక్కసారి కూడా తేడా రాలేదు. ఇన్నాళ్ళూ కలిపినాయనెవరో ఆయన్నే కలపమనండి."

కొట్టులో ఇంకో నలుగురున్నారు. గెయిల్ లెక్కల బల్ల దగ్గరనుంచి తలెత్తి ఇటు చూస్తోంది.

"ఆయన యార్డులో ఉన్నాడమ్మా," అన్నాడు వెర్నన్. "ఆరేళ్ళూ కలిపింది ఆయనే. మంగళవారం మీరు పోలీసుల్ని పిలిచింది కూడా ఆయన మీదికే."

ఆమె ముఖం ఎర్రబడింది. "నేను... డబ్బా ఎత్తుతుంటే చొక్కా లేచి నడుమ్మీద నల్లగా కనిపించింది. ఈరోజుల్లో ఎలా తెలుస్తుంది? తుపాకీ అనుకున్నాను. ఎవరైనా అనుకుంటారు."

"తుపాకీ ఉందమ్మా. మీరు పొరబడలేదు. మనిషి దగ్గర పొరబడ్డారు."

వెర్నన్ పక్కకి తిరిగాడు. మూడు వారాలుగా కిందికి లాగిన చొక్కాని మొదటిసారి వెనక్కి మడిచి ఒర వెనక దోపాడు. పిస్టల్ పిడి పట్టపగలు కొట్టు మధ్యలో బయటపడింది. "మీకు తాళంచెవి కోసినప్పుడూ ఇక్కడే ఉంది. పోలీసులు నన్ను పక్కకి జరిపినప్పుడూ ఇక్కడే ఉంది."

ఇప్పుడు అరుస్తుందనుకున్నాడు. వెనక్కి గెంతుతుందనుకున్నాడు. బయటికి పరిగెత్తి ఫోను చేస్తుందనుకున్నాడు. ఒక విధంగా అదే కోరుకున్నాడు.

మిసెస్ ఫౌలర్ పిడి వైపు చూసింది. ఆమె భుజాలు వదులయ్యాయి. చేతిసంచి కూడా బల్లమీదే వదిలేసింది.

"ఓ, మీ దగ్గరా!" అంది. "మీదైతే వేరే సంగతి. మీలాంటివాళ్ళు ఒకరుంటే మాకూ ధైర్యమేగా."

మేకుల దగ్గరున్న మనిషి ఒకసారి చూసి మళ్ళీ మేకులు ఏరుకున్నాడు. మూడు వారాలుగా వెర్నన్‌ని నమిలేసిన భయం అంతా ఇంతేనా? వెర్నన్‌కి తేలిక కలగలేదు. ఒళ్ళంతా సిగ్గు పాకింది.

గెయిల్ అతన్ని గదిలోకి పిలిచి తలుపు వేసింది. వెర్నన్ అప్పటికే ఏప్రన్ విప్పి, తాళాల గుత్తి దానిమీద పెట్టి, కుర్చీలో కూర్చోకుండా నిలబడ్డాడు. నడీన్‌కి ఎలా చెప్పాలో మాటలు వెతుక్కుంటున్నాడు.

"కస్టమర్ల ముందు ఏంటి ఆ పని? నాతో చెవిలో చెప్తే సరిపోయేది కదా," అంది గెయిల్ విసుగ్గా. "సోమవారంనుంచి ఇంట్లో పెట్టి రండి. కాగితం సంగతి నేను చూసుకుంటాను. తాళాలు తీసుకోండి."

వెర్నన్ తీసుకోలేదు.

"అంతేనా అమ్మా?"

"ఇంకేం చెయ్యమంటారు? నిజంగా తీసెయ్యమంటారా ఏంటి, మిమ్మల్ని?"

"తప్పు లేనివాణ్ణి మాట చల్లారేదాకా యార్డులో పెట్టావ్. తప్పున్నవాణ్ణి నన్నెక్కడ పెడతావ్?"

గెయిల్ పెన్ను మూత తీసింది, పెట్టింది. "లిండెల్ ఏమీ అడగలేదు నన్ను."

"అడగలేదు. అడిగితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. నేనడుగుతున్నా. రంగుల బల్ల ఆయనదే, పిలిచి ఇవ్వు. ఆయన్ని పిలిచేటప్పుడు మిసెస్ ఫౌలర్‌కి చెప్పిన సారీ ఆయనకీ చెప్పు. యార్డులో మనిషి కావాలంటే నేనుంటా."

"మీ మోకాళ్ళకి యార్డు పడదు."

"పడదు," అన్నాడు వెర్నన్.

ఆమె కిటికీలోంచి యార్డు వైపు చూసింది. అక్కడ టోపీ పెట్టుకున్న మనిషి ఒక చెక్కని కంటికి ఆనించి చూస్తున్నాడు.

"సరే," అంది.

*

సోమవారం వెర్నన్ ప్యాంటు వేసుకుంటే నడుం మరీ తేలిగ్గా ఉంది. కారు దిగి యార్డు దాకా నడిచేలోపు మోచెయ్యి రెండుసార్లు కుడిపక్క తడుముకుంది. తనకి సరిపోయే పాత చొక్కా వేసుకున్నాడు. ఎనిమిదింటికల్లా వేళ్ళు కొంకర్లు పోయాయి. పదింటికి రెండు మోకాళ్ళూ తమ సంగతి తాము చెప్పుకోవడం మొదలెట్టాయి.

పదకొండింటికి కొట్టు వెనకతలుపు తెరుచుకుంది. లిండెల్ వచ్చాడు, భుజాన ఎనిమిదడుగుల నిచ్చెనతో, దాన్ని యార్డు అవతలి గోడకి ఆనించడానికి. ముంజేతిమీద మీగడ రంగు మరక ఉంది. అది సరైన మీగడ రంగు.

వెర్నన్ నేలమీది గుంజల్ని కట్టలు కడుతున్నాడు. నడుం దగ్గర నిలువునా వంగి ఉన్నాడు. అడుగుల చప్పుడు వినిపించినా లేవలేదు. అతనికి ఎడమవైపు నడిచేంత చోటుంది, కుడివైపూ ఉంది.

అడుగులు ఆగాయి.

"వంగడం మళ్ళీ వచ్చిందే," అన్నాడు లిండెల్.

వెర్నన్ లేచి నిలబడ్డాడు. "నన్ను క్షమించు లిండెల్. ఆరోజే చెప్పాల్సింది."

"నేను మోకాళ్ళమీదున్నది నాలుగు నిమిషాలు. నువ్వు నోరు విప్పింది నాలుగు రోజులకి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటూ ఉండు. నేనైతే చూసుకుంటూనే ఉంటా."

"సరే," అన్నాడు వెర్నన్.

లిండెల్ నిచ్చెనని భుజమ్మీద సర్దుకున్నాడు. అతని చూపు అలవాటుగా ఒక్కసారి వెర్నన్ నడుం మీదికి వెళ్ళి, ఖాళీని చూసి, తిరిగొచ్చింది. తర్వాత కుడిపక్కనుంచి నడిచాడు. ఒదగలేదు, తప్పుకోలేదు. నిచ్చెన అంచు వెర్నన్ చొక్కాని రాసుకుంటూ పోయింది.

అవతలి గోడకి నిచ్చెన ఆనించి, తిరిగి వచ్చేటప్పుడూ కుడిపక్కనుంచే వెళ్ళాడు. ఆగలేదు మాత్రం.